40 పేజీలకి ఒకే హెడర్: ఎక్కడ రాయాలి, ఎక్కడ అతికించాలి?



ఈసారి టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. వెబ్‌సైట్‌లో పైన ఉంటుంది కదా, లోగో, మెనూ, ఫోన్ నంబరు, లాగిన్ బటన్, అదే హెడర్. ప్రతి పేజీలోనూ అదే ఉంటుంది. మరి ఆ కోడ్‌ని ప్రతి పేజీలో మళ్లీ రాయాలా, ఒక్కచోట రాసి అన్నిటికీ వాడుకోవచ్చా? వాడుకోవచ్చు. ఒక్కచోట రాయడం ఐదు నిమిషాల పని. కానీ రాసినదాన్ని పేజీకి ఎక్కడ అతికిస్తున్నాం? సర్వర్‌లోనా, మన ల్యాప్‌టాప్‌లోనా, చూసేవాళ్ల ఫోన్‌లోనా? సైట్ స్పీడు, సేఫ్టీ, రేపు ఏదైనా మార్చాలంటే ఎంత తలనొప్పి అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతాయి. అందుకే దీనికి ఒక ఎపిసోడ్ మొత్తం పెడుతున్నాను.

ఉదాహరణకి తెనాలిలో ఒక పచ్చళ్ల షాపు ఉందనుకోండి. ఓనర్ ఆంటీ పక్కింటి బీటెక్ అబ్బాయిని పిలిచి, "బాబూ, మన షాపుకో వెబ్‌సైట్ చేసిపెట్టు" అన్నారు. చేసిపెట్టాడు. ఆవకాయకి ఒక పేజీ, గోంగూరకి ఒకటి, ఉసిరికాయకి ఒకటి, చికెన్ పచ్చడికి ఒకటి, మొత్తం 40 హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు. మొదటి పేజీ శ్రద్ధగా రాశాడు, మిగతా 39 కాపీ పేస్ట్. సైట్ బాగానే నడిచింది, ఒక ఏడాది.

ఏప్రిల్ వచ్చింది. మామిడికాయల సీజను, ఆర్డర్లు ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఆంటీ వాట్సాప్ నంబర్ మార్చారు. నంబర్ హెడర్‌లో ఉంది కాబట్టి 40 ఫైళ్లలో మార్చాలి. ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే అయిపోతుంది కదా అంటారు మీరు. అక్కడే ఉంది తిరకాసు. ఒకే నంబర్ మూడు రకాలుగా రాసి ఉంటుంది. పైకి కనపడేది ఐదు అంకెలు, మధ్యలో స్పేసు, మళ్లీ ఐదు అంకెలు. నొక్కితే కాల్ వెళ్లే లింకులో ముందు ప్లస్ 91. వాట్సాప్ లింకులోనేమో ప్లస్ ఉండకూడదు, 91తో మొదలుపెట్టి అంకెలన్నీ వరసగా ఉండాలి. ఒక రకం రీప్లేస్ చేస్తే మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి. అప్పుడు స్క్రీన్ మీద కనపడేది కొత్త నంబర్, నొక్కితే వెళ్లేది పాత నంబర్‌కి. మనం కళ్లతో చూసి ఓకే అనేసుకుంటాం.

పాత సిమ్ వాడకపోతే టెలికాం కంపెనీ కొన్నాళ్లకి ఆ నంబర్ ఇంకొకళ్లకి ఇచ్చేస్తుంది. ఇక "రెండు కేజీల ఆవకాయ కావాలండీ, ఫోన్‌పే ఎంత చెయ్యాలి?" అనే మెసేజ్ ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది. ఆ మనిషి మంచోడైతే రాంగ్ నంబర్ అని చెప్తాడు. కాకపోతే తన క్యూఆర్ కోడ్ పంపిస్తాడు. డబ్బు పోయినవాళ్లు వచ్చి అడిగేది ఆంటీని. కాపీ పేస్ట్‌లో అసలు సమస్య ఇదీ. కోడ్ అందంగా ఉందా లేదా అన్నది తర్వాత సంగతి.

ముందుకెళ్లే ముందు ఒక గందరగోళం తీసేద్దాం. "హెడర్" అనే పేరు చుట్టూ మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి, పేజీలో కంటికి కనిపించే హెడర్, ఇప్పటిదాకా చెప్పింది అదే. రెండోది హెడ్. ఇది కనపడదు, టైటిల్, సీఎస్‌ఎస్ లింకులు ఇందులో ఉంటాయి. మూడోది హెచ్‌టీటీపీ హెడర్. ఇది పేజీకంటే ముందు సర్వర్ బ్రౌజర్‌కి పంపే సమాచారం, "ఈ పేజీని దాచుకో, దాచుకోవద్దు" లాంటి సూచనలు ఇందులో వస్తాయి. అన్ని పేజీలకీ ఒకటే అనగానే అందరూ మొదటిదాని గురించే ఆలోచిస్తారు. హెడ్‌ని కూడా కలిపి పంచుకోవాలి. ఎందుకో చెప్తాను. హెడ్‌లో వ్యూపోర్ట్ అని ఒక లైను ఉంటుంది. అది ఏ పేజీలో లేకపోయినా, ఫోన్ బ్రౌజర్ ఆ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పులో గీసి, మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనపడతాయి. 39 పేజీలు బాగుండి ఒక్క గోంగూర పేజీ మాత్రం ఫోన్‌లో చిన్నగా కనపడుతోందంటే, ఆ కాపీలో ఆ లైను పడిపోయి ఉంటుంది, వెళ్లి చూడండి.

సరే, ఒక్కచోట రాద్దాం. ఎలా? మీకు వింతగా అనిపించే విషయం, హెచ్‌టీఎంఎల్‌కి సొంతంగా ఆ పని చేతకాదు. ఫోటో పెట్టడానికి ట్యాగ్ ఉంది, వీడియోకి ఉంది, స్క్రిప్ట్‌కి ఉంది. "ఆ ఫైల్‌లో ఉన్న హెచ్‌టీఎంఎల్ తెచ్చి ఇక్కడ పెట్టు" అనడానికి మాత్రం ట్యాగ్ లేదు. ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. 1990ల్లో నెట్‌స్కేప్ ఫ్రేములు తెచ్చింది. స్క్రీన్‌ని గళ్లుగా విడగొట్టి, పై గడిలో హెడర్, కింద గడిలో పేజీ. కానీ కింద ఏ పేజీ మారినా అడ్రస్ బార్‌లో అడ్రస్ మారేది కాదు, ఫలానా పచ్చడి లింకు పంపమంటే పంపలేం. హెచ్‌టీఎంఎల్ 5లో వాటిని పక్కన పెట్టేశారు. తర్వాత 2014లో క్రోమ్‌లో హెచ్‌టీఎంఎల్ ఇంపోర్ట్స్ అని ఒకటి వచ్చింది. మిగతా బ్రౌజర్లు కలిసి రాలేదు, 2020లో క్రోమ్ కూడా తీసేసింది. కాబట్టి అతికించే పని మనమే ఎక్కడో ఒకచోట చెయ్యాలి.

అన్నిటికంటే పాత దారి సర్వర్. అపాచీలో సర్వర్ సైడ్ ఇంక్లూడ్స్ అని ఉంటుంది. పేజీలో ఒక ప్రత్యేకమైన కామెంట్ రాస్తే, పంపించే ముందు సర్వర్ ఆ కామెంట్ తీసేసి దాని చోట హెడర్ ఫైల్ పెడుతుంది. ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ మన దగ్గర ఎక్కువమంది వాడేది పీహెచ్‌పీ. చవక హోస్టింగ్ ప్లాన్లలో కూడా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది అనేవాళ్లకి కూడా దారుంది. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ పెట్టుకుని అందులో పీహెచ్‌పీ ఇన్‌స్టాల్ చేస్తే, దాంతోపాటే ఒక చిన్న సర్వర్ వస్తుంది. పీహెచ్‌పీ, స్పేస్, మైనస్, క్యాపిటల్ ఎస్, స్పేస్, లోకల్‌హోస్ట్, కోలన్, 8080. అంతే, ఫోన్‌లోనే సర్వర్ మొదలవుతుంది, ఫోన్ బ్రౌజర్‌లోనే చూసుకోవచ్చు.

ఇప్పుడు పని చూడండి. ఆవకాయ పేజీ తెరవండి. పైనుంచి మెనూ అయిపోయేదాకా ఉన్న కోడ్ కట్ చేసి హెడర్ డాట్ పీహెచ్‌పీ అనే కొత్త ఫైల్‌లో పేస్ట్ చెయ్యండి. కట్ చేసినచోట, పీహెచ్‌పీ ట్యాగ్ తెరిచి, రిక్వైర్ అని రాసి, ఆ ఫైల్ దారి ఇవ్వండి. నంబర్ ఇప్పుడు ఒక్క ఫైల్‌లోనే ఉంది.

ఇంక్లూడ్ అని కూడా రాయొచ్చు. తేడా ఏంటంటే, ఫైల్ దొరకకపోతే ఇంక్లూడ్ ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది, రిక్వైర్ అక్కడే ఆగిపోతుంది. హెడర్ లేని పేజీ జనానికి చూపించడం కంటే ఆగిపోవడమే నయం, మనకి వెంటనే తెలుస్తుంది. నా ఓటు రిక్వైర్‌కే. ఇంకో జాగ్రత్త, ఫైల్ దారి ఇచ్చేటప్పుడు ముందు డబుల్ అండర్‌స్కోర్ డిఐఆర్ డబుల్ అండర్‌స్కోర్ వాడండి. "ఈ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టు" అని దానర్థం. అది లేకపోతే ఒక ఫోల్డర్‌లో పనిచేసిన పేజీ ఇంకో ఫోల్డర్‌లో పనిచెయ్యకపోవచ్చు.

అందరికీ ఒకటే హెడర్ అన్నాం కానీ పూర్తిగా ఒకటే కాదు. టైటిల్ ప్రతి పేజీకీ వేరు. మెనూలో ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో దాని రంగు వేరు. కాబట్టి రిక్వైర్ చేసేముందు టైటిల్ అనే వేరియబుల్‌లో "ఆవకాయ" అని పెట్టండి, హెడర్ ఫైల్‌లో ఆ వేరియబుల్‌ని ప్రింట్ చెయ్యండి. ప్రింట్ చేసేటప్పుడు హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యార్స్ అనే ఫంక్షన్‌లోంచి పంపండి. ఇవాళ టైటిల్ మీరు రాస్తున్నారు, రేపు డేటాబేస్ నుంచి వస్తుంది, ఎల్లుండి కస్టమర్ సెర్చ్ బాక్స్‌లో టైప్ చేసింది కూడా టైటిల్‌లోకి వస్తుంది. అందులో ఎవరైనా స్క్రిప్ట్ రాస్తే అది చూసేవాళ్ల బ్రౌజర్‌లో రన్ అయిపోతుంది. మెనూకి కూడా అంతే, పేజీ పేరు ఒక వేరియబుల్‌లో పెట్టి, సరిపోలిన లింకుకి ఏరియా కరెంట్ ఈక్వల్స్ పేజ్ అని రాయండి. రంగు దాన్ని పట్టుకుని సీఎస్‌ఎస్‌లో ఇవ్వొచ్చు. కళ్లు కనపడనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటున్నప్పుడు కూడా "మీరున్నది ఇక్కడ" అని తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక్క అడుగు ఎక్కువ వేసి గోతిలో పడతారు. 40 ఫైళ్లెందుకు, ఒక్క ఇండెక్స్ ఫైల్ చాలు, లింకులో పేజ్ ఈక్వల్స్ ఆవకాయ అని పంపితే ఆ పేరున్న ఫైల్‌ని ఇంక్లూడ్ చేసేద్దాం అని. చూడ్డానికి చాలా తెలివైన పని. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆలోచించండి, లింకు ఎవరి చేతిలో ఉంది? చూసేవాళ్ల చేతిలో. ఆవకాయ బదులు డాట్ డాట్ స్లాష్, డాట్ డాట్ స్లాష్ అని నాలుగుసార్లు కొట్టి సర్వర్‌లో ఉన్న వేరే ఫైల్ పేరు ఇస్తే, మీ పేజీ దాన్ని తీసుకొచ్చి హెడర్ కింద నీట్‌గా చూపిస్తుంది. సైట్‌లో ఫోటో అప్‌లోడ్ కూడా ఉంటే ఇంకా ప్రమాదం. ఫోటో పేరుతో పెట్టిన ఫైల్‌లో పీహెచ్‌పీ కోడ్ దాచి, దాన్నే ఇంక్లూడ్ చేయించి మీ సర్వర్‌లో రన్ చేయిస్తారు. దీన్ని లోకల్ ఫైల్ ఇంక్లూజన్ అంటారు, చాలా పాత దాడి, ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. ఒకే ఇండెక్స్ ఫైల్ కావాలంటే పెట్టుకోండి, కానీ అనుమతి ఉన్న పేజీల లిస్టు మీ కోడ్‌లో రాసుకోండి. ఆ లిస్టులో పేరుంటేనే ఫైల్, లేకపోతే 404. లింకులో వచ్చిన మాటని ఫైల్ దారిగా ఎప్పుడూ వాడొద్దు.

ఇంక్లూడ్ పద్ధతిలో ఇంకో ఇబ్బంది మెల్లగా తెలుస్తుంది. హెడర్ ఫైల్‌లో బాడీ ట్యాగ్ తెరుస్తాం, ఒక డివ్ తెరుస్తాం. వాటిని మూసేది ఫుటర్ ఫైల్‌లో. అంటే తలుపు ఒక గదిలో, గొళ్లెం ఇంకో గదిలో. ఎవరో ఫుటర్‌లో ఒక డివ్ ఎక్కువ మూస్తే 40 పేజీలూ వంకరవుతాయి, హెడర్ ఫైల్ చూస్తే అంతా బాగానే ఉంటుంది, ఫుటర్ చూసినా బాగానే ఉంటుంది. తప్పు రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితేనే కనపడుతుంది.

దీనికి మందు లేఅవుట్. పెళ్లి శుభలేఖల షాపుకి వెళ్తే చూసే ఉంటారు, డిజైన్ అంతా ముందే ప్రింటై ఉంటుంది. వినాయకుడి బొమ్మ, అంచులు, అన్నీ రెడీ. పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రస్ మాత్రం ఖాళీ. మనం ఆ ఖాళీలకి సరుకు ఇస్తాం, కార్డు మొత్తాన్ని మళ్లీ గీయం. లేఅవుట్ కూడా అంతే. పై నుంచి కింది దాకా మొత్తం పేజీ ఒకే ఫైల్‌లో ఉంటుంది, తెరిచిన ప్రతి ట్యాగూ అక్కడే మూసి ఉంటుంది, మధ్యలో ఒక ఖాళీ. ఆవకాయ పేజీ "నా లేఅవుట్ ఫలానాది, ఖాళీలో ఇది పెట్టు" అంటుంది. జాంగోలో, జింజాలో, లారవెల్ బ్లేడ్‌లో దీన్ని ఎక్స్‌టెండ్స్ అంటారు. డాట్‌నెట్‌లో 2005 నుంచే మాస్టర్ పేజీలున్నాయి. ఫ్రేమ్‌వర్క్ ఏమీ లేకుండా ఉత్త పీహెచ్‌పీలో కూడా చెయ్యొచ్చు. ఓబీ స్టార్ట్‌తో పేజీ అవుట్‌పుట్‌ని ఒక వేరియబుల్‌లోకి పట్టుకుని, చివర్లో లేఅవుట్ ఫైల్‌ని రిక్వైర్ చేసి, ఖాళీలో ఆ వేరియబుల్ ప్రింట్ చెయ్యాలి. సైట్‌లో ఐదు పేజీలుంటే ఇంక్లూడ్ చాలు. అంతకు మించితే లేఅవుట్‌కి వెళ్లిపోండి.

జేఎస్పీ చదువుతున్న వాళ్లకి బోనస్. ఇంక్లూడ్ డైరెక్టివ్‌కీ ఇంక్లూడ్ యాక్షన్‌కీ తేడా రాయమని పరీక్షలో అడుగుతారు కదా. మనం మాట్లాడుకుంటున్న ప్రశ్నే అది, ఎప్పుడు అతికిస్తున్నాం అని. డైరెక్టివ్ అయితే జేఎస్పీ పేజీని జావా కోడ్‌గా మార్చేటప్పుడే రెండు ఫైళ్లూ కలిసిపోతాయి. యాక్షన్ అయితే రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ రెండో పేజీ విడిగా రన్ అయి, దాని అవుట్‌పుట్ ఇక్కడ పడుతుంది. బట్టీ పట్టక్కర్లేదు.

సరే, మన పచ్చళ్ల షాపుకి తిరిగొద్దాం. ఒక మాట అడుగుతాను. ఆవకాయ పేజీ రోజుకి ఎన్నిసార్లు మారుతుంది? మారదు. వారానికోసారి ధర మారితే ఎక్కువ. మరి చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషికీ సర్వర్ మళ్లీ మళ్లీ హెడర్ అతికించడం ఎందుకు? మనమే ఒకసారి అతికించి, పూర్తయిన 40 హెచ్‌టీఎంఎల్ ఫైళ్లూ సర్వర్‌లో పెట్టేస్తే పోలా? స్టాటిక్ సైట్ జనరేటర్లు చేసేది ఇదే. గిట్‌హబ్ పెట్టినవాళ్లలో ఒకరైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ 2008లో జెకిల్ రాశారు, హ్యూగో 2013లో వచ్చింది, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకి ఎలెవెంటీ ఉంది. లేఅవుట్ ఒకటి, పచ్చళ్ల ఫైళ్లు విడిగా, ఒక కమాండ్ కొడితే 40 పేజీలు తయారు. కాపీ పేస్ట్ చేసిన అబ్బాయి సైట్ బయటికి ఎలా ఉందో ఇదీ అలాగే ఉంటుంది, ఉత్త హెచ్‌టీఎంఎల్. కాకపోతే కాపీలు చేసేది మనిషి కాదు, మెషీన్, అది ఒక్క పేజీ కూడా మర్చిపోదు. సర్వర్‌లో రన్ అయ్యే కోడ్ లేదు కాబట్టి ఇందాక చెప్పిన ఇంక్లూడ్ దాడికి చోటే లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో జెకిల్ ముందే ఉంటుంది, హోస్టింగ్ ఖర్చు కూడా ఉండదు.

గిట్‌హబ్ పేజెస్‌లో మాత్రం లింకుల దగ్గర ఒక మెలిక ఉంది, చాలామంది అడుగుతుంటారు. హెడర్ ఒకటే, కానీ పేజీలు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. హెడర్‌లో లోగో దారి "ఇమేజెస్ స్లాష్ లోగో" అని రాస్తే హోమ్ పేజీలో కనపడుతుంది, వెజ్ ఫోల్డర్‌లోని గోంగూర పేజీలో కనపడదు, ఎందుకంటే బ్రౌజర్ వెజ్ ఫోల్డర్‌లో ఇమేజెస్ కోసం వెతుకుతుంది. దానికి ముందు ఒక స్లాష్ పెడితే సైట్ మొదటినుంచి వెతుకుతుంది, సమస్య తీరిపోతుంది. కానీ గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్ట్ సైట్ అయితే అడ్రస్ చివర రెపోజిటరీ పేరు ఉంటుంది కదా, స్లాష్ పెడితే ఆ పేరు దాటి పైకి పోతుంది. అందుకే జెకిల్‌లో బేస్ యూఆర్‌ఎల్ అనే సెట్టింగ్ ఉంది, లింకులన్నీ రెలెటివ్ యూఆర్‌ఎల్ అనే ఫిల్టర్‌లోంచి పంపితే అదే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో లోగో వచ్చింది, అప్‌లోడ్ చేశాక పోయింది అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మూడో చోటు మిగిలింది, చూసేవాళ్ల ఫోన్. పేజీలో ఖాళీ డివ్ పెట్టి, జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ కొట్టి, హెడర్ ఫైల్ తెచ్చి అందులో పెట్టడం. ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా ఇదే కనపడుతుంది, ఎందుకంటే సర్వర్ అక్కర్లేదనుకుంటారు. కానీ ఫైల్ మేనేజర్‌లోంచి హెచ్‌టీఎంఎల్ ఫైల్ నొక్కి తెరిస్తే ఈ ఫెచ్ పనిచెయ్యదు, సెక్యూరిటీ కోసం బ్రౌజర్ ఆపేస్తుంది. చివరికి లోకల్ సర్వర్ పెట్టుకోక తప్పదు.

అదలా ఉంచండి, వాడేవాళ్ల వైపు నుంచి చూద్దాం. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో ఒకాయన ఫోన్‌లో మన సైట్ తెరిచాడు, సిగ్నల్ ఒక గీతే ఉంది. ముందు పేజీ వస్తుంది. అందులో చెప్పిన స్క్రిప్ట్ వస్తుంది. ఆ స్క్రిప్ట్ రన్ అయి హెడర్ అడుగుతుంది. అప్పుడు హెడర్ వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోదానికీ ఒక ట్రిప్పు. ఈలోపు ఆయన "అర కేజీ" బటన్ నొక్కబోయాడు. సరిగ్గా అప్పుడు హెడర్ ఊడిపడింది, పేజీ మొత్తం కిందికి జరిగింది, ఆయన వేలు ఇంకో బటన్ మీద పడింది. ఈ జరగడాన్ని గూగుల్ కొలుస్తుంది, క్యుములేటివ్ లేఅవుట్ షిఫ్ట్ అని, 0.1 లోపు ఉంటే మంచిదని లెక్క. డివ్‌కి ముందే హెడర్ అంత ఎత్తు సీఎస్‌ఎస్‌లో ఇచ్చేస్తే జరగడం ఆగుతుంది. అయినా మెనూ ఆలస్యం మెనూ ఆలస్యమే. అందరికీ ఒకేలా కనపడే హెడర్‌ని ఫెచ్‌తో తేవడం నాకస్సలు నచ్చదు. మనకి ఒక కమాండ్ కొట్టే బద్ధకానికి, డేటా ఖర్చు, ఆలస్యం చూసేవాళ్లు మోయాలి.

రియాక్ట్ సంగతేంటి అంటారా. అందులో హెడర్ ఒక కాంపొనెంట్, ఒక్కచోట రాస్తాం, బాగుంటుంది. ఉత్త రియాక్ట్ యాప్ అయితే అతికించేది ఫోన్‌లోనే. నెక్స్ట్ జేఎస్‌లో అయితే లేఅవుట్ ఫైల్ ఉంటుంది, అతికించడం సర్వర్‌లోనో బిల్డ్ టైములోనో జరిగిపోతుంది, పేజీ మారినా లేఅవుట్ మళ్లీ మొదటినుంచి గీయదు. పేర్లు మారాయి, ప్రశ్న అదే. పచ్చళ్ల షాపుకి మాత్రం రియాక్ట్ వద్దు, ప్లీజ్.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఆంటీకి వ్యాపారం పెరిగింది, సైట్‌లో లాగిన్ పెట్టారు. హెడర్‌లో "హాయ్ లక్ష్మి, కార్ట్‌లో 3" అని రావాలి. ఇప్పుడు హెడర్ అందరికీ ఒకటి కాదు. పీహెచ్‌పీలో ఇది సులువే, సెషన్ చూసి పేరు ప్రింట్ చేస్తాం. పేరు ప్రింట్ చేసిన క్షణం నుంచి, ఆ పేజీ మొత్తం లక్ష్మిగారి సొంత పేజీ అయిపోయింది. ఆవకాయ ఫోటో, ధర, అన్నీ అందరివే, కానీ పైన ఉన్న ఆ ఒక్క పేరు వల్ల పేజీ ఇంకెవరికీ చూపించకూడనిది అయింది.

సీజన్‌లో ట్రాఫిక్ పెరిగిందని ముందు ఒక సీడీఎన్ పెట్టారనుకోండి. సీడీఎన్ పని ఏంటి, ఒకసారి వచ్చిన పేజీని దాచుకుని తర్వాత అడిగినవాళ్లకి అదే ఇవ్వడం. ఎవరో అన్ని పేజీలూ దాచుకోమని సెట్టింగ్ పెట్టారు. లక్ష్మిగారు చూసిన పేజీ దాచుకుంది. తర్వాత వచ్చిన సురేష్‌కి "హాయ్ లక్ష్మి" అని కనపడుతుంది. ఆవకాయ పేజీలో అయితే నవ్వుకుంటాం. అడ్రస్, ఆర్డర్లు ఉన్న పేజీలో అయితే?

ఇది ఊహ కాదు. 2015 డిసెంబర్ 25న, క్రిస్మస్ సేల్ నడుస్తుండగా, స్టీమ్ గేమ్స్ స్టోర్‌లో ఇదే జరిగింది. సైట్ మీద దాడి జరుగుతోంది, తట్టుకోవడానికి క్యాషింగ్ సెట్టింగ్స్ మార్చారు, ఆ మార్పులో లాగిన్ అయినవాళ్ల పేజీలు కూడా దాచి వేరేవాళ్లకి ఇవ్వడం మొదలైంది. గంటన్నరలో దాదాపు 34,000 మంది వివరాలున్న పేజీలు వేరేవాళ్లకి కనపడి ఉండొచ్చని స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీయే తర్వాత చెప్పింది. ఈమెయిల్, బిల్లింగ్ అడ్రస్, ఏం కొన్నారు అన్నవి. అక్కడ బయటపడింది హెడర్ ఒక్కటే కాదు, పేజీలకి పేజీలే. కానీ సూత్రం మనదే. అందరిదీ ఒక్కరిదీ ఒకే పేజీలో కలిపితే, ఆ పేజీని ఎవరికి చూపించొచ్చో మధ్యలో ఉన్న మెషీన్‌కి తెలియదు, మనం చెప్తే తప్ప.

ఎలా చెప్పాలి? ఇందాక మూడో హెడర్ అన్నాను చూడండి, హెచ్‌టీటీపీ హెడర్. అందులో క్యాష్ కంట్రోల్ అని ఉంటుంది. దానికి ప్రైవేట్ అని ఇస్తే, ఆ ఒక్క మనిషి బ్రౌజర్ దాచుకోవచ్చు, మధ్యలో ఉన్న సీడీఎన్ దాచుకోకూడదు అని. నో స్టోర్ అంటే ఎవరూ దాచుకోకూడదు. లాగిన్ అయినవాళ్ల పేజీ ఏదైనా సరే ఇందులో ఒకటి ఉండి తీరాలి. సీడీఎన్ సెట్టింగ్స్‌లో ఈ మాటని పట్టించుకోకుండా బలవంతంగా దాచే ఆప్షన్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

ఇంకో దారి, నాకు నచ్చిన దారి, పేజీలోంచి పేరునే తీసెయ్యడం. హెడర్ అందరికీ ఒకటే, లోగో, మెనూ, నంబర్, అన్నీ ముందే అతికించి ఉంటాయి. పేరు రావాల్సినచోట చిన్న ఖాళీ, దాని వెడల్పు ముందే ఇచ్చేసి ఉంటుంది. పేజీ వచ్చాక జావాస్క్రిప్ట్ వెళ్లి "నేనెవరు, నా కార్ట్‌లో ఎన్ని" అని అడుగుతుంది. ఆ చిన్న జవాబుకి మాత్రం నో స్టోర్. అవును, ఇందాక ఫెచ్ నచ్చదన్నాను, ఇప్పుడు ఫెచ్ వాడమంటున్నాను. మెనూకి వద్దన్నాను, పేరుకి వాడమంటున్నాను. ఈ జవాబు ఆలస్యమైనా, అసలు రాకపోయినా, బస్సులో ఉన్నాయన మెనూ నొక్కగలడు, నంబర్‌కి ఫోన్ చెయ్యగలడు. పేజీ మొత్తం సీడీఎన్‌లో భయం లేకుండా దాచుకోవచ్చు, అందులో ఎవరి పేరూ లేదు కాబట్టి.

ఇక పాత 40 పేజీల్ని కొత్త పద్ధతికి ఎలా మార్చాలి? వెంటనే డిలీట్ కొట్టకండి. ముందు 40 హెడర్లూ ఒకదాంతో ఒకటి పోల్చండి, డిఫ్ టూల్ ఏదైనా సరే. ఏడాదిలో కాపీలు ఒకదానికొకటి దూరం జరిగి ఉంటాయి. ఆర్డర్ పేజీలో ఎవరో ఒక స్క్రిప్ట్ కలిపి ఉంటారు, అది తీసేస్తే పేమెంట్ ఆగిపోవచ్చు. ఏ తేడా కావాలని పెట్టింది, ఏది పొరపాటున మిగిలింది అన్నది ఆంటీని, ఆ అబ్బాయినీ అడిగి తేల్చుకోండి. ఈ పనికే ఎక్కువ టైము పడుతుంది.

రెండోది, అడ్రస్‌లు. ఆవకాయ డాట్ హెచ్‌టీఎంఎల్ అన్న లింకు ఇప్పటికే ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో మనకి తెలియదు. పీహెచ్‌పీకి మారి ఫైల్ పేరు మారిస్తే ఆ లింకులన్నీ చచ్చిపోతాయి. 301 రీడైరెక్ట్ పెట్టండి, లేదా స్టాటిక్ జనరేటర్ వాడి పాత పేర్లే ఉంచండి. ఈ షాపుకి నేనైతే రెండోదే చేస్తాను. ఆంటీ ధరలు తనే మార్చుకుంటానంటే అప్పుడు వర్డ్‌ప్రెస్. అందులో కూడా లోపల జరిగేది మనం చెప్పుకున్న ఇంక్లూడే. క్లాసిక్ థీమ్ ఏదైనా తెరిచి చూడండి, హెడర్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైల్ ఉంటుంది, ప్రతి పేజీ గెట్ హెడర్ అని దాన్ని పిలుస్తుంది.

అంతా అయ్యాక ఫోన్‌లో చెక్ చేసేటప్పుడు హోమ్ పేజీ ఒక్కటే చూసి వదిలెయ్యకండి. నంబర్ నొక్కి చూడండి, కాల్ లింకు, వాట్సాప్ లింకు, రెండూ. తర్వాత అడ్రస్ బార్‌లో వెజ్ స్లాష్ అని, దాని తర్వాత నోటికొచ్చింది కొట్టి ఎంటర్ చెయ్యండి. 404 పేజీ వస్తుంది. ఆ పేజీకి కూడా ఇదే హెడర్ ఉండాలి, తప్పిపోయినవాళ్లకి మెనూ అందరికంటే ఎక్కువ అవసరం. అది ఏ ఫోల్డర్ అడ్రస్ మీదైనా కనపడొచ్చు కాబట్టి, లింకుల దారుల్లో ఎక్కడ స్లాష్ మర్చిపోయినా ముందు అక్కడే బయటపడుతుంది. లోగో వచ్చిందా, సీఎస్‌ఎస్ వచ్చిందా, వాట్సాప్ తెరుచుకుందా చూసుకుని, అప్పుడు ఆంటీకి ఫోన్ చెయ్యండి. కొత్త నంబర్‌కే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కుకీలు, సెషన్లు మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.